గట్టు మీది పిల్ల

మళ్ళీ అదే మాట. ఎముకలెక్కడ, ఎముకలెక్కడ. గుర్రం దిగిన దగ్గర్నుంచీ మీరు అడిగేది అదొక్కటే. ముందర పెట్టిన టీ చల్లారిపోతోంది, అది మాత్రం మీకు కనబడదు. తాగండి బాబూ. సగమే పోసిందేమిటి అనుకోకండి, నిండా పోస్తే ఇంక లేచి వెళ్ళమన్నట్టు కదా. మీకు నేను చెప్పాలా?

నేను మొత్తుకునేది వేరే. మా ఇంటాయన్ని వదిలిపెట్టండి అని. ఆయన పేరు నా నోట రాదు, మొగుడి పేరు పలకడం మాకు అలవాటు లేదు. మీ కాగితంలో ఉంటుంది, చూసుకోండి. ఆ పేరుగలాయన ఎన్నాళ్ళుగానో జిల్లా ఠాణాలో చెక్కబల్ల మీద కూర్చునున్నాడు. ఎందుకూ? గట్టులో పాత సమాధి బయటపడితే నేనే తవ్వాను, ఎముకలు నేనే ఏట్లో పారేశాను అని తనంతట తను ఒప్పుకున్నాడు కనక. ఒప్పుకున్నవాణ్ణి కూర్చోబెట్టడం తేలికే కదా మీకు.

అబద్ధం బాబూ. ఆయన ఒక్క ఎముక ముట్టుకోలేదు. పార పట్టింది నేను.

ఆ, రాసుకోండి. బాత్మా, అరవయ్యో పడిలో పడబోతున్న ఆడమనిషి, తవ్వింది తనే. రాశారా? మరి ఆయన్ని పంపించెయ్యండి.

పంపరు. ఎముకలు కావాలి. తెలుసు.

నేను నిలబడతానండీ, కూర్చుంటే నాకు ఊపిరాడదు. మీరు కూర్చోండి. ఇవాళ పొద్దుట్నించీ నా కాలు ఒకచోట నిలవడం లేదు. మూడుసార్లు గుర్రప్పాలు పితకడానికని వెళ్ళి తాడు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను. ఆడగుర్రం కూడా నా మొహం చూసి పక్కకి జరిగింది.

చట్టం తెలీక చేశావు కదమ్మా, అలా రాద్దామా అని అడిగారు ఇందాక. మీది మంచి మనసే. కానీ తెలీకేం, తెలుసు. వసంతంలో మందలు పైకి తోలేముందు శార్షెన్ మమ్మల్నందర్నీ బడి దగ్గర కూర్చోబెట్టాడు. శార్షెనంటే మా పంచాయతీ పెద్ద, మీరు చూసే ఉంటారు, బానపొట్ట మనిషి. మీ పురావస్తు ఆఫీసునుంచి వచ్చిన కాగితం చదివాడు. ఈ కొండ ప్రభుత్వానిది, గడ్డి మేపుకోడానికి మీది. మట్టిలో పాతదేది కనబడ్డా, కుండగానీ, కత్తిగానీ, ఎముకగానీ, మొహం చెక్కిన రాయిగానీ, ముట్టుకోకూడదు, కదపకూడదు. పని ఆపెయ్యాలి. చుట్టూ గుర్తు పెట్టాలి. వచ్చి చెప్పాలి. దాచినా, అమ్మినా, పాడుచేసినా కేసు. మగాళ్ళందరూ వెనక్కి చేరి పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. ముందు వరసలో కూర్చుని చెవులప్పగించి విన్నది నేనే. కాబట్టి తెలీక అని రాయకండి. నన్ను దొంగన్నా పడతాను గానీ తెలివితక్కువదంటే పడను.

అలాగే చేశాను కూడా! ఏం, నమ్మకం లేదా? మంచినీళ్ళకని వెళ్తే గట్టు విరిగిపడుంది, వానలకి. మట్టిలో తెల్లగా కనబడింది. గొర్రె పుర్రె అనుకున్నాను. దగ్గరికెళ్తే పళ్ళు. గొర్రెకి అలాంటి పళ్ళుంటాయా? చిన్నచిన్నవి, తెల్లటివి, ఒక్కటీ అరగలేదు. పక్కకి ఒత్తిగిలి మోకాళ్ళు ముడుచుకుని పడుకునుంది. చెంప కింద చెయ్యి. చేతి పక్కన ఇత్తడో కంచో, పచ్చగా తుప్పు పట్టిన అద్దం. అద్దం పక్కన పెట్టుకుని పడుకుందంటే ఎంత వయసుంటుంది చెప్పండి. మీరు చదువుకున్నారు, నాకంటే బాగా తెలుసు.

బకెట్లు అక్కడే వదిలేశాను. ముట్టుకోలేదు. చుట్టూ రాళ్ళు పేర్చాను, పైన టార్పాలిన్ కప్పాను, గుర్రమెక్కి కిందకి దిగి శార్షెన్‌కి చెప్పాను. శభాష్ వదినా, అన్నాడు. మా ఇంటాయనకి వరసకి తమ్ముడు లెండి. నా ముందరే జిల్లాకి ఫోన్ చేశాడు. నిపుణులు వస్తున్నారు, అందాకా నువ్వు కాపలా ఉండు అన్నాడు.

ఉన్నాను. గొర్రెల్ని మా ఇంటాయనకి ఒప్పజెప్పి నేను గట్టు మీద కూర్చున్నాను. కుక్కల్ని తోలాను. పక్క గుడారాలవాళ్ళు తమాషా చూడ్డానికొస్తే తిట్టి పంపాను. ఫోన్ అందేది అదిగో ఆ పై శిఖరం మీదే. ఎక్కి చేస్తే శార్షెన్ వస్తున్నారు వదినా అంటాడు. మర్నాడు ఎక్కి చేస్తే బయల్దేరారు వదినా అంటాడు. ఆ పై మర్నాడు చేస్తే బండి చెడిపోయింది వదినా అన్నాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు. పాపం వాడు మాత్రం ఏం చెప్తాడు.

ఒక్కటడుగుతాను, ఏమనుకోకండి. ఆ కాగితంలో మేం చెయ్యాల్సింది బారెడు పొడుగుంది. మేం వచ్చి చెప్పాక మీరు ఎప్పటిలోగా రావాలో అందులో ఉందా? ఉందా బాబూ?

చూశారా. మీకూ గుర్తు లేదు.

కోప్పడకండి. మీరు ఒక్కరే ఇన్ని కొండలు తిరగాలని నాకు తెలీదా? మీ బూట్లు చూస్తేనే తెలుస్తోంది. మీ మీద నాకు కసి లేదు. నా కసంతా ఆ ఏటి మీద.

వినబడుతోందా? ఇందాక మీరొచ్చినప్పుడు చప్పుడే లేదు కదా. ఇప్పుడు చూడండి. దీని గుణమే అంత. పొద్దున చూస్తే చీలమండ తడవదు, పసిపిల్ల దాటేస్తుంది. ఎండెక్కి పైన మంచు కరిగిందా, పొద్దు వాలేసరికి గుర్రం పొట్టదాకా వస్తుంది, రాళ్ళు దొర్లించుకుంటూ. తెలీని మనిషి పొద్దున్న దాటిన చోటే సాయంత్రం దాటబోతాడు.

మా ఐజమాల్‌కి తెలుసు. ఈ ఏటి పక్కనే పుట్టి పెరిగిన పిల్లకి తెలీదని ఎలా అంటాం? అవతలి గట్టున దూడ ఉండిపోయింది. నీళ్ళింకా పెరగలేదులే అమ్మా, ఇట్టే వెళ్ళి అట్టే వస్తానంది. పంతొమ్మిదేళ్ళది. గుర్రం ఒడ్డెక్కింది. జీను మీద ఎవరూ లేరు.

ఆరేళ్ళయింది. పెద్ద నదిలో కలిసేదాకా వెతికారు మా ఊరివాళ్ళు. కోటు దొరికింది. పిల్ల దొరకలేదు.

లేదులెండి, ఏడవను. మీరు అలా తలొంచుకోకండి.

ఊళ్ళో శ్మశానంలో గొయ్యి తవ్వించాడు మా ఇంటాయన. ముల్లా ఒప్పుకోలేదు, మనిషి లేకుండా ప్రార్థన ఎలా చదవనన్నాడు. మా ఇంటాయనే పిల్ల కోటు మడిచి అందులో పెట్టి మన్ను కప్పాడు, పేరు చెక్కించి రాయి నిలబెట్టాడు. అంతే. మళ్ళీ అటు అడుగు పెట్టలేదు. పండక్కి మగాళ్ళందరూ తమవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మాటలు చదువుకుని వస్తారు కదా, వెళ్ళి రాకూడదా అని పొరపాట్న ఒకసారి అన్నాను. కోటు దగ్గర కూర్చుని ఏం చదవమంటావే, అన్నాడు. ఇంక నేనెప్పుడూ ఆ మాటెత్తలేదు.

సరే. ఇప్పుడు నన్ను ఆ గట్టు మీద కూర్చోబెట్టి చూడండి. ఎదురుగా ఏరు. కాళ్ళ దగ్గర చెంప కింద చెయ్యి పెట్టుకున్న పిల్ల. రోజూ పొద్దు వాలేసరికి నీళ్ళు వచ్చి గట్టు అడుగు కొరుకుతాయి. ఇవాళ బెత్తెడు. రేపు ఇంకో బెత్తెడు. మీవాళ్ళు రారు. చట్టం ముట్టుకోవద్దంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓ సాయంత్రం నేను చూస్తుండగానే ఒక కాలి వేళ్ళ దగ్గరి మట్టి జారి నీళ్ళలో పడింది. చిన్నచిన్న ఎముకలు, గులకరాళ్ళలా టపటపా రాలాయి. నా ఒళ్ళు నాకు తెలీలేదు. ఏట్లోకి దిగి చేతికందినవి ఏరాను. అన్నీ అందలేదు.

పిచ్చిదాన్ననుకోకండి బాబూ. అది నా కూతురు కాదని నాకు తెలీదా? రెండు వేల ఏళ్ళ నాటిదంటున్నారు మీరు. అయితే అయింది. నా కళ్ళముందు ఈ ఏరు ఇంకో ఆడపిల్లని తీసుకెళ్తుంటే కాగితం గుర్తు చేసుకుంటూ కూర్చోనా? మీరైతే కూర్చుంటారా?

మర్నాడు పొద్దున్నే, నీళ్ళు చీలమండ దగ్గరున్నప్పుడే, పార తీసుకెళ్ళాను. మా ఇంటాయన గొర్రెల వెనకాల కొండ అవతలున్నాడు. పార అంచు వరకే వాడాను, తర్వాత చేత్తోనే, చెక్క గరిటెతోనే. నా చావుకని దాచుకున్న తెల్లబట్ట పెట్టెలోంచి తీశాను. మా వయసు ఆడవాళ్ళందరి దగ్గరా ఉంటుందిగా. ఒక్కొక్కటే ఎత్తి దాంట్లో పెట్టాను. అద్దం, పూసలు, రవ్వంత బంగారపు చెవిపోగులు రెండు, అవి మాత్రం వేరే రుమాల్లో కట్టాను. అవి మీవని నాకు తెలుసు. ఆ మూట శార్షెన్ చేతికి చేరిందా లేదా? ఒక్క పూసైనా తగ్గిందా? అదీ చెప్పండి. దొంగనైతే ఎముకలు మీకిచ్చి చెవిపోగులు నేను దాచుకునేదాన్ని.

ఏమిటీ, కాళ్ళు ముడిచినట్టే ఉంచానా అనా? చాపానండీ. ముడుచుకునుంటే ఎలా? మనిషిని అలాగేనా పడుకోబెట్టేది? వెల్లకిలా సాఫీగా పడుకోబెట్టి కాళ్ళు చాపి, మొహం కాబా వైపు తిప్పాను. ఎవరైనా అంతే చేస్తారు.

అదేమిటి, తల పట్టుకున్నారు?

ఆ ముడుచుకున్న తీరులోనే అంతా ఉందా? ఏ జాతిదో, ఏ కాలందో, ఎటు తిరిగి పడుకుందో దాన్నిబట్టే తెలుస్తుందా? నాకేం తెలుసు బాబూ. కాగితంలో కదపొద్దని రాశారు గానీ ఎందుకు కదపొద్దో రాశారా? పాడు చెయ్యొద్దన్నారు. నేను బాగు చేశాననుకున్నాను. పసిదాని చెదిరిన దుప్పటి సర్దితే తప్పని ఎవరికి తడుతుంది? సాయంత్రం నూనె కాచి పిండిబిళ్ళలు కూడా వేయించాను, దాని పేరు మీద. పోయినవాళ్ళకి అందేది ఆ వాసనొక్కటే కదా. దాని పేరే తెలీదు, ఏమని తలుచుకోను? గట్టు మీది పిల్లా, ఇది నీకే అన్నాను.

ఇప్పుడు చెప్తున్నారు, అది తప్పని. చేతులు కాలాక. ఒప్పుకుంటున్నాను. నాది తప్పే. ఆ తప్పు నా మీద రాయండి, ఆయన మీదెందుకు?

నీళ్ళు తీసుకుపోయాయని రాసుకోకూడదా? కొన్ని వేళ్ళు నిజంగానే తీసుకుపోయాయిగా. అంత అబద్ధమేం కాదు. గట్టు మీద పార గుర్తులున్నాయా? మీరు ఫోటోలు తీశారా? తీసే ఉంటారులెండి. ఆయనా అందుకే నీళ్ళ మీద తోసెయ్యకుండా తన మీదేసుకున్నాడు. మీవాళ్ళు ఆఖరికొచ్చి గుర్తులు చూసి గొంతు పెంచేసరికి, నేనే తవ్వి పారేశానన్నాడు. తడుముకోలేదు. నేను పక్కనే ఉన్నాను, నోరు తెరిచేలోగా నా కాలు గట్టిగా తొక్కాడు. ఇదిగో, ఇంకా కమిలుంది.

అరగంట నుంచీ మీరు తిప్పితిప్పి అడుగుతున్నది నాకు తెలుస్తూనే ఉంది. ఎముకలు దొరికితే పారేశాడన్న కేసు నిలబడదు, జరిమానాతో పోతుంది, అది కూడా నాకు పడుతుంది. దొరక్కపోతే సోమవారం కాగితాలు కోర్టుకెళ్తాయి. అంతేగా? ఆయన గనిలో పనిచేసొచ్చిన మనిషి బాబూ. రాత్రిళ్ళు దగ్గుకి పడుకోలేక గోడకానుకుని కూర్చుంటాడు. ఆ జైలు గదుల్లో ఒక్క చలికాలం ఆగుతాడా? మీరే చెప్పండి. మీరు చూశారుగా ఆయన ఊపిరి తీసే తీరు.

కాస్త ఉండండి, తలుపు తెర వేసొస్తాను. ఆ ఏటి చప్పుడు వింటూ ఈ మాట చెప్పలేను.

ఊళ్ళో ఉంది. మా శ్మశానంలో. ఐజమాల్ పేరున్న రాయి కింద.

అదే. కోటు పెట్టిన గొయ్యే. జీను మీద నా ముందర పెట్టుకుని తీసుకెళ్ళాను, మూట జారకుండా చేత్తో చుట్టేసి. మా ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం, మట్టి ఇవ్వం. నేను వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, ఊరంతా కొండల మీదుంది, చూసినవాళ్ళు లేరు. ఒక్కదాన్నే తవ్వాను. కోటు తీసి పైన కప్పాను. నాకొచ్చిన నాలుగు ముక్కలు చదివాను. తప్పో ఒప్పో.

ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? పిండీ ఉప్పూ తేవడానికని మర్నాడు కిందకి వెళ్ళినవాడు దారిలో కొత్త మన్ను చూశాడు. వచ్చి గుడారంలో కూర్చున్నాడు. బాగా పడుకోబెట్టావా, అనడిగాడు. బాగానే పడుకోబెట్టానన్నాను. అంతే.

తర్వాతి శుక్రవారం తెల్లారకుండానే గుర్రం కట్టాడు. ఎక్కడికి అనడగలేదు నేను. పొద్దెక్కి వచ్చాడు, మోకాళ్ళకి మట్టి. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన కూర్చుని చదివొచ్చాడు బాబూ. కడుపునిండా తిన్నాడు. గొర్రెల దగ్గర ఏదో కూనిరాగం కూడా తీశాడు, నేను విన్నానని తెలిసి ఆపేశాడు. అప్పట్నించీ ఏ శుక్రవారమూ మానలేదు, మీవాళ్ళొచ్చి తీసుకెళ్ళిందాకా.

ఎవరు పడుకున్నారో ఆయనకీ తెలుసు. నాకంటే పిచ్చోడేం కాదు. కానీ కూర్చుని చదవడానికి కింద ఒకళ్ళుండాలి కదా. ఎవరో ఒకళ్ళు.

అందుకే ఒప్పుకున్నాడు. ఏట్లో పారేశానంటే ఇంక ఎవరూ వెతకరని. జైలుకైనా పోతాను గానీ ఆ గొయ్యి ముట్టుకోనివ్వనని. ఇప్పుడర్థమయిందా? మీరు నేరస్థుణ్ణి పట్టుకున్నామనుకున్నారు. ఆయన మిమ్మల్ని కాళ్ళు కట్టేసి కూర్చోబెట్టాడు.

నేనూ ఆయన మాటే నిలబెడదామనుకున్నాను. ఒట్టు. నిన్నటిదాకా అదే అనుకున్నాను. నిన్న శార్షెన్ వచ్చాడు, అన్నయ్యకి దగ్గుతో రక్తం పడుతోంది వదినా అని చెప్పాడు.

లేవండి మరి. పొద్దుండగా దిగిపోదాం. ఈ ఏటిని ఇప్పుడు దాటలేం, పైనుంచి వంతెన మీదుగా వెళ్దాం, కాస్త చుట్టు. మీరు తవ్వేటప్పుడు నన్నుండనివ్వండి, తల నేనే ఎత్తుతాను. ఆ రాయి జోలికి మాత్రం వెళ్ళకండి, అది మీది కాదు. కోటు కూడా. కోటు మళ్ళీ పెట్టి పూడ్చేస్తాను.

సంతకమా? ఇక్కడేనా? ఇవ్వండి.

ఠాణా బండి ఎక్కుతూ ఆయన నా చెవిలో అన్నాడు. నోరు విప్పావో, చచ్చేదాకా నీ మొహం చూసి మాట్లాడనని. అన్నంత పనీ చేస్తాడు. గుర్రం పంపకం దగ్గర మాటా మాటా వచ్చి సొంత అన్నతోనే పోయేదాకా మాట్లాడలేదు, అదీ ఆయన పట్టుదల. ఇప్పుడు వచ్చి ఆ తవ్విన గొయ్యి చూస్తాడు, నన్ను చూస్తాడు, మొహం తిప్పుకుంటాడు.

తిప్పుకోనీండి. మాట్లాడకపోతే మానె. ఇంట్లో కూర్చుని మానేస్తాడు కదా.